మంచి వెలుతురు

కొరియావాళ్ళ చుసోక్ పండగ రోజుల్లో కితే అనే కుర్రాడు ఓ కొట్టులో కానుక పెట్టెలు అమ్ముతాడు. విరామం దొరికితే కెమెరా తీసి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబడతాడు. మంచి వెలుతురు కోసం అతని మెడ కొంగ మెడలా మూరెడు సాగుతుంది. పక్కన బేరిపళ్ళు అమ్మే మల్సున్ పెద్దమ్మ ఓ రోజు అడిగింది: "ఒరేయ్, కొట్టువాళ్ళిచ్చిన పట్టుబట్టల్లో ఉన్నాను. రేపు నేను పోతే పూల మధ్య పెట్టడానికి ఓ ఫొటో తియ్యరా. లేకపోతే మావాడు గుర్తింపు కార్డు ఫొటో పెట్టేస్తాడు. అందులో కోళ్ళదొంగలా ఉంటాను."

"ఈ ట్యూబులైట్ల కింద బాగా రాదు పెద్దమ్మా. పండగ వెళ్ళాక ఎండలో తీస్తాను."

"వెలుతురు కోసం నువ్వు ఆగితే నేనే ఆరిపోతానురా!"

పండగ ముందురోజు ఆమె పళ్ళపెట్టెల మధ్య కుప్పకూలి, మళ్ళీ లేవలేదు. అంత్యక్రియల గదిలో తెల్లచామంతుల మధ్య ఆ కోళ్ళదొంగ ముఖమే ఉంది. కితే ఆచారం ప్రకారం రెండుసార్లు సాగిలపడి లేచాడు. అలవాటుగా ఒక కన్ను మూశాడు. కిటికీలోంచి పడుతున్న వెలుతురు చాలా బాగుంది.