బూటు మీది గుండ్రటి మచ్చ

పేలని తుపాకిని భుజం మీంచి దించకుండా నిలబడడం మా అన్నయ్య కూతురు కష్టపడి సాధించిన మొదటి గెలుపు. ఆ తర్వాతవి చెప్పాలంటే చాలా ఉన్నాయి. మా ఊరి నగల కొట్టు గుమ్మంలో నిలబడ్డ మొదటి ఆడ కాపలాదారు ఆమే. కాపలావాళ్ల గురి పోటీలో మగవాళ్లందర్నీ వెనక్కి నెట్టి వెండి కప్పు తెచ్చింది. ఆ కప్పులో వాళ్లమ్మ తాళంచెవులు వేసుకుంటోంది, అది వేరే సంగతి. ఎన్ని వచ్చినా ఆ మొదటి గెలుపు దగ్గర ఇవన్నీ దిగదుడుపే.

అంతకు ముందు ఆ గుమ్మంలో నిలబడింది వాళ్ల నాన్న. జంట గొట్టాల తుపాకి ఆయన సొంతం. ఉద్యోగం మొత్తంలో ఒక్కసారీ పేల్చలేదు. "నా మీసం చూసే దొంగలు సందు మార్చుకున్నారు" అనేవాడు. గొట్టం మూతి నేలకానితే గీతలు పడతాయని ఎడమ బూటు ముక్కు మీద ఆనించి నిలబడేవాడు. ఎన్ని జతలు మార్చినా ఎడమ బూటు మీద గుండ్రటి మచ్చ తేలేది. ఆదివారం వచ్చిందంటే తూటాలన్నీ పరిచి, పసిపిల్ల ఒళ్లు తుడిచినట్టు ఒక్కొక్కదాన్నీ నూనె గుడ్డతో తుడిచేవాడు.

ఆయన కంటికి మసక కమ్మింది. కొట్టు యజమాని మొహమాటం లేకుండా చెప్పేశాడు: "లైసెన్సు మీ అమ్మాయి పేరు మీదికి మారితే అమ్మాయినే పెట్టుకుంటాను. నెలాఖరు దాకా చూస్తా. ఆ తర్వాత వేరేవాణ్ణి పిలుచుకుంటా." లైసెన్సు మారాలంటే శిక్షణ పూర్తిచేసినట్టు సర్టిఫికెట్టు కావాలి. అది రాకపోతే తుపాకి పోలీసు స్టేషనుకు, ఇంట్లో పొయ్యి దేవుడి దయకు.

"నీకు ట్రైనింగేంటే? నేను లేనా!" అని నాన్న వరండాలోనే పాఠం మొదలుపెట్టాడు. ఆమె అన్నీ పట్టేసింది, బూటు ముక్కుతో సహా.

శిక్షణ మొదటిరోజు, తుపాకి కాల్చడం నేర్పే రేంజిలో, రేకుల షెడ్డు కింద, వరసలో అలాగే నిలబడింది. శిక్షణ ఇచ్చేది సైన్యంలో పనిచేసి వచ్చిన మేడం. మాటకు ముందు 'నిదానం', మాటకు వెనక 'నిదానం' అంటుందని అందరూ ఆమెను నిదానం మేడం అనేవాళ్లు. ఆవిడ వచ్చి ఆ బూటు వంక చూసింది.

"కాలివేళ్లు ఎన్నున్నాయమ్మా?"

"పదండి."

"అన్నీ కావాలా?"

వరసంతా గొల్లుమంది. కొత్త పిస్తోలు కొనుక్కొచ్చిన కోళ్లఫారం ఆయన మరీ పడీపడీ నవ్వాడు.

"ఖాళీదేనండి" అందామె.

"ఎవరు చెప్పారు?"

"మా నాన్న."

"నాన్నని కాదు, తుపాకిని అడుగు. తెరువు. కంటితో చూడు, వేలు పెట్టి చూడు. నిదానం."

తెరిచింది. ఖాళీగానే ఉంది. అయినా చెవులు కాలిపోయాయి.

ఆ రోజు నుంచి ఆమె చేతులకు ఇద్దరు గురువులయ్యారు. పగలు మేడం, సాయంత్రం నాన్న.

"ఇవాళేం చెప్పింది మీ నిదానం?"

"మీట నొక్కినా పేలకపోతే తుపాకి దించకూడదట నాన్నా. గొట్టం గురి కాగితాల వెనకుండే మట్టికట్ట వైపే ఉంచి, అలాగే ఆగాలట."

"ఎందుకూ? పేలలేదంటే అది చచ్చిన తూటా. దించి, విప్పి, పారేసి ఇంకోటి పెట్టుకో. అంతసేపు దొంగ నీకోసం కూర్చుంటాడా, టీ తాగుతూ?"



పరీక్షనాడు నాన్న కూడా వెంట వచ్చాడు. బూట్లకు పాలిష్ పట్టించి, వరసకు వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఎవరి తూటాలు వాళ్లు తెచ్చుకోవచ్చన్నారు. ఆయన తనవి తీసి కూతురి అరచేతిలో పెట్టాడు. "ఇన్నేళ్లు నాతో నిలబడ్డాయి. నిన్నూ నిలబెడతాయి." ఆమె అవే పట్టుకుని వరసలోకి వెళ్లింది.

మేడం చెయ్యి ఊపింది. ఆమె మొదటి గొట్టం పేల్చింది. గురి కాగితం మధ్యలో చిల్లు పడింది. వెనక నాన్న దగ్గు వినిపించింది. అది ఆయన సంతోషం. రెండో మీట నొక్కింది.

టిక్కుమంది. అంతే.

 చెమట కనురెప్ప దాటి కంట్లోకి దిగింది. తుపాకి బరువు మోచేతిని లాగుతోంది. అప్పుడు తెలిసిందామెకు: తన ఎడమ కాలు తనకు చెప్పకుండానే ముందుకు జరిగింది, గొట్టం మూతికి చోటు ఇవ్వడానికి.

"దించమ్మా! విప్పి చూడు!" చెవుల మీది మూతల్ని దాటుకుని నాన్న కేక. "దించు, టైం పోతుంది!"

మేడం ఉలకలేదు, పలకలేదు. పరీక్ష కదా, ఒక్క మాటా అనకూడదు. చిన్నప్పటి నుంచీ నాన్న మాటకు ఎదురుచెప్పి ఎరగని పిల్ల. ఇప్పుడు దించితే సర్టిఫికెట్టు పోతుంది. దించకపోతే నాన్న మాట పోతుంది.  గొట్టం మాత్రం మట్టికట్ట మీంచి కదల్లేదు.

"చెబుతుంటే వినపడదా!" బల్ల మీంచి లేచాడాయన.

ధన్‌మని పేలింది.

మట్టికట్ట నుంచి ఇంత ఎత్తున దుమ్ము లేచింది. వేసిన అడుగు వేసినట్టే నాన్న ఆగిపోయాడు. దుమ్ము అణిగేదాకా అటే చూసి, మెల్లగా తల వంచి తన ఎడమ బూటు వంక చూసుకున్నాడు.

"ఇప్పుడు తెరువు" అంది మేడం. "నిదానం."

ఆవిడ మిగిలిన తూటా ఒకటి అందుకుని వేళ్ల మధ్య రుద్ది చూసింది. జిడ్డు అంటుకుంది. "నూనె ఎవరు పెట్టారు?"

"నేనేనమ్మా. తుప్పు పట్టకూడదని."

"నూనె లోపలికి దిగితే మందు చెడుతుంది అన్నగారూ. ఒక్కోటి అసలే పేలదు. ఒక్కోటి ఇలా, తీరిగ్గా పేలుతుంది."

"అంటే ఇన్నాళ్లూ నా కాలి మీద..." 

కోళ్లఫారం ఆయన ఈసారి నవ్వలేదు. మంచినీళ్ల సీసా తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు.

మేడం సంతకం చేసింది. నెలాఖరు కాకముందే ఆమె గుమ్మంలో నిలబడింది, గొట్టం మూతి మనుషులకూ బూట్లకూ దూరంగా. పాత తూటాలన్నిటినీ నాన్నే స్వయంగా స్టేషనులో అప్పగించి వచ్చాడు.

ఇప్పుడు ఆ మేడమే ఆమె పేరు పంపించింది, శిక్షకుల కోర్సుకి. ఈ ఇంటి నుంచి పాఠం చెప్పబోయే మొదటి మనిషి. యజమాని సెలవిచ్చాడు, గొణుక్కుంటూనే. బస్సు దగ్గర నాన్న పెట్టె అందిస్తూ అన్నాడు:

"నీ మొదటి క్లాసులో ముందు బల్ల నాది. ఇప్పుడే చెబుతున్నా, ఇంకెవరికీ ఇవ్వకు."

"నీకు లైసెన్సు లేదుగా నాన్నా!"

"కాలివేళ్లున్నాయిగా, పదీ!"

ఆయనకు కొత్త బూట్లు కొన్నారు. ఎడమదాని మీద ఇంతవరకూ మచ్చ లేదు. రోజూ తుడిచి గుమ్మం పక్కన పెట్టుకుంటున్నాడు, క్లాసుకి వేసుకెళ్లాలని. కూతురు తిరిగి వచ్చేది జూన్ పద్నాలుగున.