కుడిపక్క కూర్చునే మనిషి

తొంభైలలో, బెంగళూరులో భాషల గొడవలు నడుస్తున్న రోజులు. మెజెస్టిక్‌లో ఒక నల్లజాతి బాక్సర్ సినిమా చూసి చందాపుర బస్సెక్కాను. హీరో కొట్టిన దెబ్బలు ఇంకా నా చేతుల్లోనే ఉన్నాయి. తెలుగులో టికెట్ అడిగేసరికి వెనక నిలబడ్డవాడొకడు నా భాషనీ, నా నల్లటి ఒంటినీ కలిపి వెక్కిరించాడు. పిడికిలి బిగించి అతనివైపు తిరిగాను. పక్కనున్న చప్పిడి ముక్కు పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

“నేనూ బాక్సింగ్ ఆడినోణ్ణే అప్పా. ఇట్లే తిట్టినాడని ఒకణ్ణి రింగులో కసితీరా కొట్టినా. ఎడమ చెవి పోయింది వానికి. శివాజీనగర్లో ఉండాడు. ప్రతి ఆదివారం పోయి, వాని కుడిపక్క కూచోని మాట్లాడొస్తా.”

నా వేళ్ళు మెల్లగా విప్పి, ఆ చేతిని పైనున్న కమ్మీ మీద పెట్టాడు.

ఆయన పుణ్యమా అని, నన్ను వెక్కిరించినవాడు ఇవాళ ఎక్కడున్నా రెండు చెవులతోనూ వింటూ ఉంటాడు.