కుడిపక్క కుట్టిన పురాణం

గద్వాలలో ఏ ఇంట్లో అటక దులిపినా ఇక్బాల్ భాయ్ కుట్టిన పుస్తకం ఒక్కటైనా బయటపడుతుంది. వీపుకు ముదురు ఎరుపు గుడ్డ, మూలలకు అదే గుడ్డ ముక్కలు, లోపల మైదా జిగురు వాసన. చదివిన పిల్లలు టెన్త్ పాసై, డిగ్రీ పాసై, పెళ్లిళ్లు చేసుకుని వెళ్లిపోయినా ఆ కుట్టు మాత్రం ఊడదు.

కోటగోడ వెనకాల సందులో ఆయన దుకాణం. దుకాణమంటే పెద్దగా ఊహించుకోకండి, ఇంటి ముందుగదే. ఒక చాప, పుస్తకాలు బిగించే చెక్క ప్రెస్సు, కత్తి, దబ్బనం, మైనం పట్టించిన దారపు ఉండలు. జూన్ వచ్చిందంటే ఆ గదిలో కాలు పెట్టే చోటుండదు. బడిలో ఇచ్చిన పాఠ్యపుస్తకాల అట్టలు మొదటి వానకే చిరుగుతాయి కదా, తల్లులు సంచుల్లో వేసుకుని వస్తారు.

"భాయ్, లెక్కల పుస్తకం జర ఢీలాగ కుట్టు. సగంల ఊడిపోవాలె" అని ఒక పిల్ల చెవిలో చెప్పిందట.

"గట్లనా? అయితే దాన్నే గట్టిగ కుడ్త. నీ పెండ్లి దాక ఉండాలె" అన్నాడట ఈయన.

బడి పుస్తకాల సందడి తగ్గాక ఇక ఏడాదంతా దేవుడి పుస్తకాలే. అవి ఏ మతానివైనా ఇక్బాల్ భాయ్ పద్ధతి ఒక్కటే. ముందు చేతులు కడుక్కుంటాడు. ఎముకలతో చేసే జిగురు దగ్గరికి రానివ్వడు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపిన జిగురే వాడతాడు. అది ఉడికించేది ఆయన భార్య ఖాజాబీ. పేజీ తిప్పడానికి వేలు నాలుకకు తగిలించడు, పక్కన తడిగుడ్డ పెట్టుకుంటాడు. తెగిన కాగితం ముక్క కూడా నేల మీద పడనివ్వడు. ఆ ముక్కలన్నీ ఒక సంచిలో చేరతాయి, బీచుపల్లి వైపు ఎవరైనా పోతుంటే కృష్ణలో వదలమని ఇస్తాడు. ఇదంతా ఆయనకు ఎవరూ నేర్పలేదు. తండ్రి చేస్తుంటే చూశాడంతే.

రంజాన్, ఉగాది వెనకా ముందూ వచ్చిన ఏడాది అది. ఒక పొద్దున పక్క సందులో ఉండే హన్మమ్మ ఒక మూట ఎత్తుకుని వచ్చింది. పసుపు గుడ్డలో కట్టిన పాత పురాణం. అన్నీ విడి కాగితాలే.

ఆ పుస్తకం కథ సందులో అందరికీ తెలిసిందే. హన్మమ్మ భర్త దేవరాజుది అది. అలంపూర్‌లో వాళ్ల అన్నగారింట్లో ఉన్నప్పుడు తుంగభద్ర వరద వచ్చి నానిపోయింది. ఒక్కో కాగితాన్నీ దండెం మీద ఆరేసి బతికించుకున్నారు. నీళ్లకు కుట్టు పోయింది, ఎడమ అంచు పీచుపీచు అయింది. అయినా దేవరాజు ప్రతి ఏడూ ఉగాది రోజుల్లో ఇంటి ముందు కూర్చుని, ఒక్కో కాగితం తీసి చదివి, బోర్లించి పక్కన పెట్టేవాడు. సందంతా వినేది. ఆయన పోయాక రెండు ఉగాదులు చదివేవాళ్లు లేక గడిచిపోయాయి.

"ఈసారి నేనే చదువుత అన్నా" అంది హన్మమ్మ.

ఇక్బాల్ భాయ్‌కు సంతోషమైంది. హన్మమ్మ బడికి పోలేదు. కొడుకు రెండో తరగతి వాచకం పక్కన పెట్టుకుని, వాడితోపాటే అక్షరాలు నేర్చుకుంది. ఆ వాచకం కుట్టిందీ ఈయనే.

"కొత్త అచ్చు దొరుకుతది గదక్కా, బజార్ల?"

"తెచ్చిన. చీమ గుడ్లంత అక్షరాలు. అద్దాలు పెట్టుకున్నా కలిసిపోతున్నయి. దీంట్ల పెద్దగున్నయి, నాకు అలవాటే. కానీ విడి కాయితాలు ఆయన చేతులకు ఆగినయి, నా చేతులకు ఆగుతలేవు. ఫ్యాన్ వేస్తే ఎగిరిపోతున్నయి."

ఆమె గొంతు తగ్గించింది. "మా మరిది శ్రీశైలం ఏమంటుండో ఎర్కనా? ఫోన్ల పెడితే పంతులే రాగం తీసి చదువుతడు, నీకెందుకు వదినా ఈ తిప్పలు అంటుండు. నలుగుర్ల అన్నడు. నేను గూడ నలుగుర్ల అన్న, సోమారం సాయంత్రం నుంచి చదువుత, వచ్చి ఇనమని. తడబడితే మాత్రం నవ్వుతడన్నా."

"తడబడవులే. కుట్టి ఇస్త, నిమ్మలంగుండు" అన్నాడు ఇక్బాల్ భాయ్.

ఆ రోజుల్లో ఆయన చేతిలో వేరే పని కూడా ఉంది. మసీదులో చదువుకునే పారాలు, అంటే పవిత్ర గ్రంథాన్ని భాగాలుగా విడదీసిన చిన్న పుస్తకాలు, ఒక పెట్టెడు వచ్చాయి. రంజాన్ నెలంతా చేతులు మారి నలిగినవి. అవి కుడి నుంచి ఎడమకు చదివేవి కాబట్టి కుట్టు కుడిపక్కన ఉంటుంది. ఉపవాసంతో నోరు ఎండుతున్నా ఒకదాని తర్వాత ఒకటి కుట్టుకుంటూ పోయాడు. చివరి పారా ప్రెస్సులో పెట్టి, అదే ఊపులో హన్మమ్మ పురాణం అందుకున్నాడు. అంచులు సరిచేశాడు, బెజ్జాలు వేశాడు, దారం బిగించాడు, జిగురు పూసి గుడ్డ అంటించాడు. చెయ్యి ఎటు అలవాటు పడిందో అటే పోయింది.

మర్నాడు ప్రెస్సు విప్పి, పైఅట్ట తెరవబోయి ఆగిపోయాడు. వీపు కుడిపక్కన ఉంది.

ఖాజాబీ జిగురు గిన్నె కడుగుతూ చూసింది. "ఏంజీ, గట్ల కూసున్నరు?"

"తెలుగు పుస్తకం ఉర్దూ తీర్గ కుట్టిన."

"విప్పుండ్రి మరి."

"ఎట్ల విప్పుత? నీళ్లకు నానిన కాయితం, గుంజితే జిగురుతోపాటు లేస్తది. ఎడమ అంచు పీచు, కత్తిరించిన. అక్కడ ఇప్పుడు బెజ్జం వేస్తే దారం అక్షరాల మీదికెళ్లి పోతది. ఒక్కో కాయితానికి పట్టీ అంటించుకుంట రావాలె. నెల పని. సోమారం ఎల్లుండే."

ఖాజాబీ గిన్నె పక్కన పెట్టింది. "వాళ్ల దేవుని పుస్తకం... మనం కావాలని ఉల్టా చేసినమని ఎవరన్న అంటే?"

"హన్మమ్మక్క అనది. మిగిలినోళ్లు ఏమంటరో తెల్వదు." పుస్తకాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టుకుని లేచాడు. "ఎవరో ఒకరు చెప్పకముందు నేనే పోయి చెప్త."

హన్మమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఈయన ముఖం చూసే చాట కింద పెట్టింది. ఏం జరిగిందో ఆయన చెప్పాడు. ఆమె పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఎప్పటిలాగే కుడి అంచు పట్టుకుని తెరవబోయింది. అక్కడ కుట్టే తగిలింది.

"నీ మనసు యాడుండె అన్నా?"

"పారాలల్ల ఉండె అక్కా. చెయ్యి గట్లనే పోయింది."

ఆమె ఎర్రగుడ్డ మీద అరచేయి పెట్టుకుని కూర్చుంది. తిట్టినా బాగుండేదనిపించింది ఇక్బాల్ భాయ్‌కు.

"ఆయన ఉంటే ఎటు కుట్టినా చదువుతుండె. నేను అటు ఇటు అయితే పడిపోయేదాన్ని" అంది చివరికి. అయినా ఎడమ అంచు పట్టి మెల్లగా తెరిచింది. మధ్యలో ఒకచోట చదవడం మొదలుపెట్టింది. అలవాటుకొద్దీ ఎడమ పేజీ చదివి, తర్వాత కుడి పేజీలోకి వెళ్లింది. రెండు వాక్యాలు చదివి ఆగింది.

"ఇదేంది? పెండ్లయినంక పుట్టిండు రాజు!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది హన్మమ్మే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వింది. ఇక్బాల్ భాయ్ నవ్వలేదు. జేబులోంచి అట్టముక్క ఒకటి తీసి ఎడమ పేజీ మీద కప్పాడు.

"ఇప్పుడు చదువక్కా. కుడిదే కనబడుతది."

ఆమె కుడి పేజీ చదివింది. ఆయన అట్టముక్క తీశాడు. ఆమె ఎడమ పేజీ చదివింది. ఆయన ఎడమ అంచు పట్టి కాగితం కుడివైపు తిప్పాడు, మళ్లీ ఎడమ పేజీ మీద అట్ట కప్పాడు. ఈసారి రాజు ముందు పుట్టాడు, తర్వాతే పెళ్లి చేసుకున్నాడు.

"నువ్వు చదువు, నేను తిప్పుత" అన్నాడు ఇక్బాల్ భాయ్. "ఇటు నుంచి తిప్పుడు నాకు చిన్నప్పటి సంది అలవాటే. నీ కన్ను అక్షరం మీద ఉంటే చాలు."

"సోమారం మీ పండుగ గదన్నా."

"పండుగ నమాజు పొద్దున్నే అయితది. సాయంత్రం ఖాళీనే."

సోమవారం పొద్దు వాలుతుండగా హన్మమ్మ ఇంటి ముందు చాపలు పరిచారు. మగ్రిబ్ నమాజు ముగించుకుని, తెల్లటి కొత్త లాల్చీలోనే వచ్చాడు ఇక్బాల్ భాయ్. చేతిలో ఖాజాబీ పంపిన పండుగ పాయసం, షీర్‌ఖుర్మా క్యాను. గడప దగ్గర తొట్టి నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కుని, పుస్తకం పెట్టిన చెక్కపీటకు ఎడమపక్క కూర్చున్నాడు. మసీదులో రెహల్ అంటారే, అచ్చం అలాంటి మడత పీటే అది.

శ్రీశైలం అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. "పుస్తకం ఉల్టా, పక్కన భాయ్. ఏం పురాణం వదినా ఇది?"

ఇక్బాల్ భాయ్ తల వంచుకున్నాడు. హన్మమ్మ కళ్లద్దాలు తుడుచుకుంటూ అంది, "నువ్వు రా, వచ్చి తిప్పు. కాయితం చినిగిందనుకో, మీ అన్న నీ కలలకే వస్తడు, నా కలలకు గాదు."

ఎవరో కిసుక్కుమన్నారు. శ్రీశైలం కదల్లేదు. "నాకెందుకులే, పని తెలిసినోడే కూసుండనీ" అని గొణిగాడు.

హన్మమ్మ మొదలుపెట్టింది. మొదటి పేజీ అంతా గొంతు వణికింది. ఒక పెద్ద మాట దగ్గర ఆగింది, విడదీసుకుంది, దాటింది. పేజీ చివర తల ఊపింది. ఇక్బాల్ భాయ్ అట్టముక్క తీశాడు. రెండో పేజీలో వణుకు కొంచెం తగ్గింది. అయిదారు కాగితాలు తిరిగేసరికి ఆమె చదవడం లేదు, చెబుతోంది. ఆ పూటకు ముగించి కళ్లద్దాలు తీసినప్పుడు, షీర్‌ఖుర్మా గ్లాసు ముందుగా ఆమె చేతికి అందించింది శ్రీశైలమే.

ఆ తర్వాత రోజూ అదే వరస. కొన్నాళ్లకు ఆమె తల ఊపాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఏడో తరగతి దాకా తెలుగు బడిలోనే చదివిన ఇక్బాల్ భాయ్, ఆమెతోపాటే వరసలు చూసుకుంటూ సరిగ్గా పేజీ చివరి మాట దగ్గరే అట్ట తీసేవాడు.

ఒక సాయంత్రం కరువు కథ వచ్చింది. తప్పిపోయిన ఆవును వెతుక్కుంటూ ఒక పసివాడు ఎండిన ఏరు పట్టుకుని నడుస్తుంటాడు. పొద్దు గూకుతుంది, పాదాలు పగులుతాయి, దూడ ఇంటి దగ్గర అరుస్తూ ఉంటుంది. హన్మమ్మ కుడి పేజీ అయిపోగొట్టి ఆగింది. ఎడమ పేజీ మీద అట్ట అలాగే ఉంది. చాప మీద ఎవరూ కదల్లేదు. ఆమె పక్కకు చూసింది. ఇక్బాల్ భాయ్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, చదివేసిన పేజీ వైపే చూస్తున్నాడు.

"ఆవు దొరుకుతదా అక్కా?" అన్నాడు మెల్లగా.

"నాకేమెర్క అన్నా? నీ అట్ట కిందుంది."

చాపలన్నీ ఘొల్లుమన్నాయి. ఇక్బాల్ భాయ్ ఉలిక్కిపడి, కళ్లు తుడుచుకుని, అట్టముక్క తీశాడు.