నాతో కయ్యమాడి మాట తెప్పించిన సారు

ఆ ఆదివారం రాజోలి చర్చిలో మా సంఘం ముందు వాక్యం చెబుతుండగా నా నోట మాట తడబడింది. ఒకటి అనబోతే ఇంకొకటి వచ్చింది. తర్వాత అర్థంలేని శబ్దాలే వచ్చాయి. ముందు వరుసవాళ్లు పరిశుద్ధాత్మ దిగి నేను అన్యభాషలు మాట్లాడుతున్నాననుకుని చేతులెత్తి స్తుతించడం మొదలుపెట్టారు. నాకేమో భయంతో చెమటలు. నా భార్య రూతమ్మ ఒక్కతే లేచి దగ్గరికొచ్చి చూసింది. "ఇది ఆత్మ గాదు, ఆయన మూతి వంకరవోయింది. ఆటో పిల్వుండ్రి" అంది.

కర్నూలులో సీటీ స్కాన్ తీశారు. "స్ట్రోక్. మెదడులో ఎడమవైపు క్లాట్ ఉంది. టైముకు తెచ్చారు కాబట్టి ఇంజెక్షన్ ఇస్తున్నాం" అన్నారు డాక్టరు. పడిపోయిన కుడి చెయ్యి వారంలో లేచింది. మాట రాలేదు. దాన్ని అఫేసియా అంటారట. పాటలు పాడగలిగేవాణ్ణి, నీళ్లు అడగలేకపోయేవాణ్ణి. ఇరవై ఏళ్లు వాక్యం చెప్పిన నేను మళ్లీ సంఘం ముందు నిలబడగలనా అన్నదే నా దిగులు.

గద్వాలలో థెరపీకి పోతే పక్క కుర్చీలో నర్సింహులు సారు కనబడ్డాడు. రిటైరైన టీచరు. దేవుడు లేడని ఊరూరా సభలు పెడతాడు. మా ఊరికొచ్చినప్పుడు ఆయన మాట వినబడకుండా మా మైకు పెద్దగా పెట్టించింది నేనే. ఇలాంటివాళ్లకు మనసుండదని సంఘానికి బోధించాను కూడా. ఇప్పుడు భుజం పట్టేసి ఆయనా అక్కడికే వస్తున్నాడు.

"మైకు పెద్దమనిషివి నువ్వే గద? ఇగ జర నా మాట ఇను. అడ్డం చెప్పనీకి నీకు నోరు లేదు" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

ఇంట్లోవాళ్లు, సంఘంవాళ్లు జాలిపడి, నేను నోరు తెరవకముందే మాట అందించేవారు. సారు అందించేవాడు కాదు. ఎదురుగా కూర్చుని మా గ్రంథంలోని కథలే చెప్పేవాడు. ఒకరోజు, "ఓడ కట్టినాయన కాలంల నలభై ఏండ్లు వాన కురిసింది" అన్నాడు.

"రోజులు" అన్నాను.

థెరపిస్టు అమ్మాయి తిరిగి చూసింది. రూతమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఏండ్లే" అన్నాడు సారు మొండిగా.

"రోజులు. న... నలభై రోజులు."

"గట్లనా? నాకు తెల్వదు, నువ్వే చెప్పు మల్ల."

కావాలనే తప్పు చెబుతున్నాడని అప్పుడు అర్థమైంది. మమ్మల్ని ఎదిరించడానికని ఆయన గ్రంథమంతా రెండుసార్లు చదివాడట. మా సంఘంలో అంత చదివినవాళ్లు నలుగురు లేరు.

నెల తర్వాత ఫిట్స్ వచ్చాయి. తిరిగొచ్చిన మాటలూ పోయాయి. మళ్లీ వార్డులో చేర్చారు. సంఘం నా కోసం ప్రార్థించింది. ఆ ప్రార్థనే నన్ను మోసిందని ఈనాటికీ నమ్ముతాను. సారు భుజం అప్పటికే నయమైంది. అయినా నాలుగు రోజులు వార్డుకొచ్చి అన్నీ తప్పులే చెప్పాడు. నాలుగోనాడు, "నిన్ను పంపింది దేవుడే" అని ముక్కలుముక్కలుగా అన్నాను.

"లేనోడు ఎట్ల పంపుతడు? బస్సుల వచ్చిన" అన్నాడు. ఇద్దరం నవ్వుతుంటే నర్సు కోప్పడింది.

ఇప్పుడు బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నాను. మాట నెమ్మదిగానే వస్తుంది. ఆదివారం పది నిమిషాలు వాక్యం చెబుతున్నాను. మళ్లీ నిలబడిన మొదటి రోజే, దేవుణ్ణి నమ్మనివాళ్లకు మనసుండదని తప్పు బోధించానని సంఘం ముందు ఒప్పుకున్నాను. సారు దేవుణ్ణి నమ్మలేదు, నేనూ మారలేదు. ప్రతి బుధవారం ఆయన ఇంట్లో చాయ్ తాగుతూ హాయిగా కొట్లాడుకుంటాం.

మీ ఇంట్లో ఇలా మాట పోయినవాళ్లుంటే, వాళ్లు వెతుక్కుంటున్న మాట మీరు అందించకండి. కాసేపు ఆగండి. వాళ్లకు బాగా తెలిసిన సంగతి ఒకటి ఎత్తుకుని, దాన్ని తప్పుగా చెప్పి చూడండి.