ప్యానెళ్లకు క్యాను నీళ్లు

ప్రసాదూ, నిన్న నా పోస్టు కింద "సోలారుకు ఎండ ఉంటే చాలు పెద్దమ్మా, ఇంకేమీ అక్కర్లేదు" అని రాశావు. తప్పు నాయనా. దానికి నీళ్లు కావాలి, అవీ నువ్వూ నేనూ తాగే క్యాను నీళ్లు.

కరెంటు తగ్గిందని ఈ రోజు మార్కాపురం నుంచి మెకానిక్కును పిలిపించాను. అతను మిద్దె ఎక్కి చూసి, ప్యానెళ్ల మీద తెల్లటి పొర కట్టిందన్నాడు.

"బోరు నీళ్లతో కడిగినారు గదా అవ్వా? మన నీళ్లకు అద్దం మీద మచ్చలు పడతాయి. ఇంక క్యాను నీళ్లతోనే కడిగించు."

వాటిని వారం వారం కడిగేది మా ఇంట్లో పనిచేసే మరియమ్మ. ఆమె పళ్లు ఆ బోరు నీళ్లలోని ఫ్లోరైడుకు ఎప్పుడో గోధుమరంగుకు తిరిగాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పుట్టినకాడి నుంచి నేను ఆ బోరే తాగుతుండా గదయ్యా. నా మచ్చలకు ఎవురూ క్యాను రాసియ్యలేదే. మా మనవరాలికి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుండాయి. అవీ నా రంగే."

మెకానిక్కు సామాను సంచిలో వేసుకుని, బండెక్కి వెళ్లిపోయాడు.

నిన్న నేను పెట్టిన ఆ ప్యానెళ్ల ఫొటోను మీరంతా తెగ మెచ్చుకున్నారు. మీ ఇళ్లలో వాటిని కడిగేవాళ్లు ఏ నీళ్లు తాగుతున్నారో అడిగి, అదీ ఇక్కడే రాయండి.

ప్రసాదూ, రేపు బేస్తవారిపేట నుంచి వచ్చేటప్పుడు బండిలో రెండు క్యాన్లు వేసుకురా. రెండూ మరియమ్మ ఇంట్లోనే దించు. ప్యానెళ్లు వాన పడేదాకా ఆగుతాయిలే. ఖాళీ క్యాన్లు ఎప్పుడిస్తుందో అడిగి రా, మళ్లీ నింపించాలి.