మొక్కు మేక

ఆ రోజు ఎందుకు తిన్నావని అడిగినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెబుతున్నాను. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

నా చదువు పదో తరగతితో ఆగినా, లైబ్రరీలో జీవహింస మీదున్న పుస్తకాలన్నీ చదివి మాంసం మానేశాను. మరుసటి ఏడు జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాను. నాకు చెప్పకుండా అమ్మ అమ్మవారికి మేకను మొక్కింది. నేను కోలుకున్నాక బెంగాలీల నడుమ మేముండే ఖరిదా పేటలో, మా ఇంటి దగ్గర ఆ మొక్కు తీర్చారు. ఎవరికోసం మొక్కారో వాళ్లు మొదటి ముద్ద తింటేగాని మిగతావాళ్లు తినకూడదు. చుట్టాలంతా నన్నే చూస్తున్నారు.

"దానిదీ ప్రాణమే కదమ్మా," అన్నాను.

"నీది కాదేటి? నీకోసమే సచ్చిపోనాది. నువ్వు ముట్టకపోతే ఊరికే సచ్చిపోనట్టు కాదేటిరా?"

"పుస్తకాలు రేపు సదువుకో బాబూ, మాకు ఆకలేస్తన్నాది," అన్నాడు మావయ్య.

చదివినవన్నీ గుర్తు చేసుకున్నాను. అన్నీ మేక బతికుండగా పనికొచ్చే వాదనలే. చంపి, వండి, నా ఆకులో వడ్డించాక ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ లేదు.

తిన్నాను.

పేర్లు రాయొద్దని అమ్మ అంది. పుస్తకాలిచ్చిన లైబ్రరీ దీదీకి, నన్ను బతికించిన డాక్టరుకు, ఆకలితో ఆగిన చుట్టాలకు, అమ్మకు కృతజ్ఞతలు. మేకకూ చెప్పాలి. ఏ మొహంతో చెప్పను?