రాయి అన్నది నేనే

మట్టి సర్వే ఆఫీసులో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ గునపమ్మే. చేతిలో ఎప్పుడూ గునపం ఉంటుందని కొందరంటారు, నోరు విప్పితే గునపం దించినట్టే ఉంటుందని ఇంకొందరంటారు. రెండూ నిజమే. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఆవిడ పని గుంటలు తవ్వడం. మనిషి దిగి నిలబడి నాలుగు గోడలూ చూడగలిగేంత గుంట ఆవిడ తవ్విపెడితే, ఆఫీసర్లు దిగి ఏ లోతులో ఏ మన్ను ఉందో రాసుకుంటారు. అచ్చైన పటాల మీద ఆఫీసర్ల పేర్లుంటాయి గానీ ఆవిడ పేరుండదు. దానికి ఆవిడ ఏనాడూ బాధపడలేదు.

ఆ వేసవిలో ఒక పొద్దున నోటీసు బోర్డు మీద ఒక కాగితం అతికించారు. ఊరికి ఉత్తరాన ఉన్న బల్లపరుపు కొండ మీద నల్లరాయి క్వారీకి అనుమతి ఇవ్వబోతున్నారట. అభ్యంతరాలుంటే శనివారంలోగా చెప్పుకోవాలట. మూడడుగులకు మించి మన్ను ఉన్న అడవిలో తవ్వకూడదని నిబంధన ఒకటుంది. కానీ మట్టి పటం ప్రకారం ఆ కొండపైన ఉన్నది అడుగు మన్నే, దాని కింద అంతా బండే. కాబట్టి అక్కడున్న చెట్లు అడవి కిందికి రావు, అది రాళ్ళ బంజరు, అని తేల్చేశారు.

గునపమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఆ అడుగు లెక్క చెప్పింది తనే.

అప్పుడావిడకు పద్దెనిమిదేళ్ళు. పనిలో చేరి నెల కూడా కాలేదు. మట్టిలోకి తిప్పుతూ దించే ఇనుప బరమా ఒకటుంటుంది. దాన్ని తిప్పేది కూలివాళ్ళు, పక్కన గొడుగు పట్టుకుని రాసేది సారు. బరమా ఎంత దిగిందో, దేనికి తగిలి ఆగిందో తిప్పే చేతికే తెలుస్తుంది గనక వాళ్ళు కేకేస్తారు, సారు రాస్తాడు. అదీ పద్ధతి. మండుటెండలో ఆ కొండ మీద బరమా అడుగు దిగి ఖంగుమని ఆగింది. జానెడు అవతల పెట్టినా మళ్ళీ ఖంగు. చేతులు బొబ్బలెక్కాయి, నాలుక పిడచకట్టుకుపోయింది. "రాయేనా?" అని అడిగాడు సారు. "రాయే సార్" అంది. సారు రాసేశాడు.

అది రాయి కాదు, నల్లరేగడి. వానల్లో వెన్నలా ఉండే ఆ మన్ను ఎండాకాలం ఇటుకలా బిగుసుకుంటుంది. బరమా తగిలితే మోగుతుంది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ ఇక్కడ పప్పులో కాలేసేవాళ్ళే. ఆ ఏడాది వానలు పడ్డాక ఎండుకట్టెల కోసం అదే చోటికి వెళ్తే కాలు మోకాలిదాకా దిగబడింది. ఒంటి చెప్పుతో కొండ దిగి, తిన్నగా ఆఫీసుకు పోయి సారుతో చెప్పింది. "పటం అచ్చుకి వెళ్ళిపోయిందమ్మా. ఆ కొండ మొహం ఎవడు చూస్తాడు? వదిలెయ్" అన్నాడాయన. వదిలేసింది. సారుకు ఎదురు చెప్పే వయసా అది. కానీ ఆ తర్వాత ఆ కొండ కంటబడినప్పుడల్లా సిగ్గేసేది.

ఆ గొడుగు సారే ఇప్పుడు ఆఫీసంతటికీ పెద్దసారు. ఆయన గదిలో కుర్చీ వెనక గోడనిండా అదే పటం వేలాడుతూ ఉంటుంది.

"సార్, కొండ లెక్క తప్పు. చెప్పింది నేనే. దిద్దండి" అంది గునపమ్మ.

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ముప్పయ్యేళ్ళ కిందటి మాట ఇప్పుడెందుకమ్మా? రెండు నెలల్లో రిటైరైపోయేవాణ్ణి. ఇది బయటికొస్తే ఇద్దరం తల దించుకోవాలి."

"దించుకుందాం సార్. తల దించితేనే కదా గుంటలో ఏముందో కనబడేది."

"ఎండకు నీకు మతిపోయింది. వెళ్ళి నీ పని నువ్వు చూసుకో."

"అదే చూసుకుంటాను" అని వచ్చేసింది.

ఇంటికెళ్ళి గునపం తీసుకొచ్చి మొగుడి ముందు పడేసింది. ఆయనది ఇంటి ముందే కొలిమి.

"ఎవరి మీద యుద్ధం?" అన్నాడు.

"పెద్దసారు మీద."

"ఉద్యోగం ఊడితే?"

"నీ కొలిమిలో తిత్తి ఊదుతా."

"అమ్మో, వద్దులే తల్లీ. నన్ను ప్రశాంతంగా బతకనీ" అన్నాడు. అన్నాడే గానీ, గునపం మొన ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి, వేలితో పదును చూసి మరీ ఇచ్చాడు.

గుంట తవ్వినంత మాత్రాన అది లెక్కలోకి రాదు, ఆఫీసరు దిగి రాయాలి. ఆఫీసులో ఆర్నెల్ల కిందట చేరిన కొత్త మేడమ్ ఉంది. మట్టిని తడిపి వేళ్ళ మధ్య పట్టీలా సాగదీసి అందులో జిగట ఎంతుందో కనిపెట్టడం ఆ పిల్లకు నేర్పింది గునపమ్మే. విషయం చెప్పి, "మీకు చీవాట్లు తప్పవు మేడమ్, ఆలోచించుకోండి" అంది. మేడమ్ ఆలోచించుకుంది. సెలవు చీటీ రాసి పెద్దసారు బల్ల మీద పెట్టి, "పద పిన్నీ" అంది.

కొండపైన చూస్తే నిజంగానే రాళ్ళ బంజరులా ఉంటుంది. ఎటు చూసినా నల్లరాళ్ళు, వాటి మధ్య మనిషెత్తు చెట్లు, చెట్ల మధ్య చెయ్యి దూరేంత నెర్రెలు. బరమాతో అక్కడ ఏ పనీ జరగదని గునపమ్మకు తెలుసు. నెర్రె అంచున గునపం దించి, ఒరగేసి, పెళ్ళలు పెళ్ళలుగా లేపాలి. మొదటి రోజు రెండడుగులు దిగింది. రెండో రోజు భుజాలు పడిపోయాయి, అయినా నాలుగు దాటింది. మూడో రోజు మధ్యాహ్నానికి ఆవిడ తల నేలమట్టం కంటే కిందికి పోయింది. అడుగున మన్ను తడిగా తగిలింది. అంత ఎండల్లోనూ ఆ చెట్లు దేన్ని తాగి బతుకుతున్నాయో అప్పుడర్థమైంది. ఆవిడకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఎక్కువగా కోపమే.

సరిగ్గా అప్పుడే ఆఖరి తనిఖీ అంటూ పెద్దసారు, క్వారీ ఆసామి జీపులో కొండెక్కారు.

"ఎవరి అనుమతితో తవ్వారిది?" అన్నాడు పెద్దసారు.

"ఎవరి అనుమతితో రాయి అన్నానో, వాళ్ళ అనుమతితోనే" అని గుంటలోంచి జవాబొచ్చింది.

క్వారీ ఆసామి ఒక రాయిని బూటుతో తన్నాడు. "పైనంతా రాళ్ళేగా. ఇంకేం చూడాలి?"

"కిందనుంచి వచ్చినవే బాబూ అవి. ఈ మన్ను వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. అలా కదిలి కదిలి రాళ్ళను పైకి నెట్టేస్తుంది. చెట్లు చూడండి, ఒక్కటన్నా నిటారుగా ఉందా? నేల నిలవనిస్తేగా."

"నెర్రెలోకి పైమట్టి రాలి ఉంటుందిలే" అన్నాడు పెద్దసారు.

గునపమ్మ గుంట అడుగునుంచి ఒక పెళ్ళ పెకలించి ఆయన కాళ్ళ దగ్గరికి విసిరింది. అది రెండుగా విరిగింది. విరిగిన ముఖం తోమిన గిన్నెలా మెరిసింది. "రాలిన మట్టికి ఈ నునుపెక్కడిది సార్? మన్నూ మన్నూ ఏళ్ళ తరబడి ఒరుసుకుంటేనే వస్తుందని మీరే కదా నేర్పారు."

మేడమ్ టేపు చూసి, "ఆరడుగులు సార్. ఇంకా బండ తగల్లేదు. రాసేశాను" అంది.

క్వారీ ఆసామి తొణకలేదు. "పాత లెక్క ఒకటి, కొత్త లెక్క ఒకటి. పాతది తప్పని మీ ఆఫీసు రాసివ్వనంతవరకూ అచ్చైన పటమే చెల్లుతుంది. మా వకీలు ముందే చెప్పాడు."

పెద్దసారుకు ప్రాణం లేచొచ్చింది. "అవునవును. దీన్ని కూడా ఫైల్లో పెడదాం. ఇక పైకి రామ్మా."

గునపమ్మ నిచ్చెన లోపలికి లాక్కుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. "పాతది తప్పని రాసేదాకా రాను."

"ఉద్యోగం పోతుంది."

"పోనీండి."

బెదిరించాడు, బతిమాలాడు. ఆవిడ ససేమిరా అంది. పైన ఎండ మాడ్చేస్తోంది, గుంటలో చల్లగా ఉంది, ఆవిడకు పోయిందేమీ లేదు. గంట గడిచాక పెద్దసారు పుస్తకం తీసి విసురుగా ఏదో రాసి మేడమ్‌కి ఇచ్చాడు. మేడమ్ పైకి చదివింది. "కూలి మనిషి పొరపాటున రాయి అని చెప్పడం వల్ల పాత లెక్కలో తప్పు దొర్లింది."

"బాగుంది. నా తప్పే, ఒప్పుకుంటున్నా" అంది గునపమ్మ. "తర్వాతి ముక్క ఏది సార్?"

"ఏ ముక్క?"

"వానలు పడ్డాక వచ్చి రాయి కాదని చెప్పాను. మీరు వదిలెయ్యమన్నారు. అదీ రాయండి. లేకపోతే కూలిదానికేం తెలుసని రేపు ఈ ఆరడుగుల మాటనూ కొట్టిపారేస్తారు."

పెద్దసారు మొహం కందగడ్డలా అయింది. జీపు వైపు రెండడుగులు వేశాడు. ఆగాడు. ఏమనుకున్నాడో, వెనక్కి తిరిగొచ్చి, "నిచ్చెన పెట్టు" అన్నాడు. మెల్లగా దిగి, గుంట అడుగున బొటనవేలితో నొక్కాడు. వేలు కణుపుదాకా దిగింది. తర్వాత పుస్తకం అందుకుని, మోకాలి మీద పెట్టుకుని రాసి, ఆవిడ చేతికే ఇచ్చాడు. ఆవిడ కూడబలుక్కుంటూ చదివింది. "ఆ వానాకాలంలోనే తప్పని తెలిసింది. తెలిసీ దిద్దలేదు. బాధ్యత నాది."

గునపమ్మ దాని కింద సంతకం పెట్టింది. పైన క్వారీ ఆసామి తన కాగితాలు మడిచి, జీపెక్కి వెళ్ళిపోయాడు.

పెద్దసారు పైకొచ్చి ప్యాంటుకంటిన మన్ను దులుపుకున్నాడు. అది అంత తేలిగ్గా వదిలేది కాదు. "ఇప్పటికైనా తృప్తేనా?" అన్నాడు.

"అప్పుడేనా సార్" అంది గునపమ్మ, గునపం భుజానికెత్తుకుంటూ. "ఆ వేసవిలో ఇలాంటి కొండల మీద ఇంకా పదకొండు చోట్ల రాయే అని కేకేశాను. మీరూ రాశారు. దగ్గర్లోది ఆ ఎదుటి కొండే. నడవండి, ఇంకా పొద్దుంది."